దూడంత కుక్క

మా ఆయన కుక్కని పెంచుదామన్నప్పుడు నాకు భయం వేసింది. ఎంత కుక్కో చెప్పాక నవ్వొచ్చింది. నవ్వులాటకి కాదు, నిజంగానే తెస్తారని తెలిశాక మళ్ళీ భయం వేసింది.

భయపడడం నాకు కొత్త కాదు. ఇంటర్ రెండో ఏడు తప్పినదాన్ని, నాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే. మా అమ్మాయి వర్ష ఎక్కిన స్కూలు బస్సు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడతాను. తిరిగాక, ఆ మలుపు అవతల ఏమవుతుందోనని ఇంకాసేపు నిలబడతాను. వాకిట్లో మంచు గడ్డకట్టిందంటే నా నడుం విరిగినట్టే లెక్క. సుడిగాలి సైరన్‌ని నెలకోసారి ఉత్తినే మోగించి చూస్తారని తెలుసు. అయినా మోగినప్పుడల్లా పాస్‌పోర్టులు పట్టుకుని మెట్ల కింద దూరతాను. "నీలాంటివాళ్ళ వల్లేనే ఇన్సూరెన్సు కంపెనీలు బతుకుతున్నాయి" అంటారు మా ఆయన శశికాంత్. పోనీలెండి, నా వల్ల ఎవరో ఒకరు బతుకుతున్నారు.

అసలు ఈ కుక్క ఆలోచన శ్యామ్‌సుందర్ గారింట్లో పుట్టింది. ఆయనది కరీంనగర్, మాది తెనాలి పక్క. మేమంతా ఉండేది నేపర్‌విల్‌లో. మగాళ్ళిద్దరూ ఒకే రైల్లో షికాగో ఆఫీసుకి వెళ్ళొస్తారు. శ్యామ్‌సుందర్ గారు ఏది కొంటే మా ఆయన దానికంటే బెత్తెడు పెద్దది కొంటారు. టీవీ అలాగే వచ్చింది. పెరట్లో గ్రిల్లూ అలాగే వచ్చింది. దాని మీద ఇప్పటిదాకా కాలింది పచ్చడికి వంకాయలు మాత్రమే. ఆ వేసవిలో శ్యామ్‌సుందర్ గారు ఒక జర్మన్ షెపర్డ్‌ని తెచ్చారు. మేం చూడ్డానికి వెళితే, అది మా ఆయన కాళ్ళు వాసన చూసి, గట్టిగా తుమ్మి, అటు తిరిగి వెళ్ళిపోయింది. ఆ తుమ్ము మా ఆయనకి ఎక్కడో తగిలింది.

అది రెండువేల తొమ్మిది. ఆఫీసుల్లో వారానికొక కుర్చీ ఖాళీ అవుతున్న రోజులు. ఇంగితం ఉన్నవాళ్ళు అట్టపెట్టెలు పారేయకుండా దాచుకుంటున్నారు. మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని కుక్కల వీడియోలు చూస్తున్నారు.

ఒక శనివారం మా ఇంట్లో భోజనాలకి నలుగురు చేరారు. అందులో జన్మలో కుక్క మెడ నిమిరిన మగాడు శ్యామ్‌సుందర్ గారొక్కరే. అయినా అందరూ జాతుల గురించి తెగ మాట్లాడేశారు. 

"సెయింట్ బెర్నార్డ్ వద్దు శశీ, బకెట్లకి బకెట్లు జొల్లు కారుస్తది" అన్నారు శ్యామ్‌సుందర్ గారు.

"మాస్టిఫ్ గురక పెడుతుందట" అన్నాడింకొకాయన, పక్కన పడుకుని విన్నట్టు.

ఒకదానికి బొచ్చు ఎక్కువ, ఒకదానికి కోపం ఎక్కువ, ఒకదాని వంశంలో గుండెజబ్బు ఉంది. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మా అత్తగారు "పిల్ల కాస్త పొట్టి" అన్నారు, అంతే. వంశం దాకా ఎవరూ వెళ్ళలేదు. చివరికి అందరూ కలిసి గ్రేట్ డేన్‌ని ఖాయం చేశారు.

"అది ఎంత ఉంటుందండీ?" అని అడిగాను.

"నిలబడితే నీ నడుం దాటుతుంది" అన్నారు మా ఆయన.

"దూడంత కుక్కా!"

"ఉత్త సాధుజంతువే. ఇంట్లో ఉంటే ఉన్నట్టే తెలీదట. రోజంతా సోఫా మీద పడుకునే ఉంటుందట."

"ఆ పనికి ఇంట్లో ఒకరున్నారు కదండీ. ఇంకొకరెందుకు?"

శ్యామ్‌సుందర్ గారికి మజ్జిగ పొలమారింది. "చెల్లె మస్తుగ అన్నది శశీ! ఇగ నువ్వు కుక్కను తేకుంటే ఇజ్జత్ పోతది."

అంతా నవ్వారు. మా ఆయన నవ్వలేదు. "ఇదంతా నా కోసమా? వర్ష కోసం" అన్నారు.

ఆ మాటకి నాకు మళ్ళీ భయం పట్టుకుంది. కుక్క కరుస్తుందని కాదు, మీద పడుతుందని కాదు. ఆ భయాలు ఎలాగూ ఉన్నాయి. అసలు భయం వేరే.

మేం మొదట పిస్కాటవేలో ఉండేవాళ్ళం. మా ఆయన ప్రాజెక్టు అయిపోయి ప్లేనో వెళ్ళాల్సొస్తే, పక్కింటి పిల్లని వదల్లేక వర్ష కారు సీటు పట్టుకుని ఊరు దాటేదాకా ఏడ్చింది. ప్లేనోలో నీహారిక అనే పిల్లతో జత కట్టింది. ఇద్దరూ ఒకే కంచంలో తినేవాళ్ళు. మళ్ళీ ప్రాజెక్టు మారింది, నేపర్‌విల్ వచ్చాం. ఈసారి ఏడవలేదు. "చూశావా, నా బిడ్డ ఎంత స్ట్రాంగో" అని మా ఆయన మురిసిపోయారు. ఇక్కడికి వచ్చాక ఏ పిల్లనీ ఇంటికి తీసుకురాలేదు. ప్లేనోలో ఉన్నప్పుడు కుక్కపిల్ల కావాలని గోల చేసేది, ఇప్పుడు అదీ లేదు. 

ఇలాంటి పిల్లకి ఒక కుక్కని అలవాటు చేసి, రేపు ఈయన ఉద్యోగం పోయి, హెచ్ వన్ వీసా కూడా పోయి, పెట్టెలు సర్దుకోవాల్సొస్తే? ఆ కుక్కని ఏం చేస్తాం? సూట్‌కేసులో పెడతామా? పిల్ల గుండె ఏమవుతుంది? ఇదీ నా భయం. ఇది మా ఆయనకి చెబితే "నెగటివ్‌గా ఆలోచించకు" అన్నారు. ఆలోచించడం అనే పనిని ఆయన ఆఫీసులోనే వదిలేసి వస్తారు.

డీకాల్బ్ దాటాక మొక్కజొన్న చేల మధ్య డోనా అనే ఆవిడ గ్రేట్ డేన్‌లు పెంచుతుందని ఎవరో చెప్పారు. మా ఆయన ఫోన్ చేశారు. ఆవిడ ధర మాట ఎత్తలేదు. "పిల్లల్ని అడిగినవాళ్ళందరికీ ఇవ్వను. ఇంటిల్లిపాదీ రండి, ముందు మాట్లాడాలి" అంది.

"ఇంటర్వ్యూ ఉంది!" అని మా ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆ మాట చెవిన పడితే చాలు, మావాళ్ళకి వీసా కోసం చెన్నై కాన్సులేట్ ముందు ఎండలో నిలబడిన రోజు ఒంట్లోకి వచ్చేస్తుంది. అప్పటి ప్లాస్టిక్ ఫైలే అటక మీదనుంచి దిగింది. జీతం కాగితాలు, అద్దె ఒప్పందం, పెరడు ఫొటోలు, చివర్న మా పెళ్ళి ఫొటో.

"కుక్కకి పెళ్ళి ఫొటో ఎందుకండీ?"

"జెన్యూన్ ఫ్యామిలీ అని తెలియద్దూ?"

రాత్రి అన్నాల దగ్గర ప్రాక్టీసు పెట్టారు. ఆయనే డోనా.

"అడిగినదానికే జవాబు. ఎక్స్‌ట్రా వద్దు. కళ్ళలోకి చూసి నవ్వుతూ చెప్పాలి. పగలు ఇంట్లో ఎవరుంటారు?"

"నేను."

"కుక్కలంటే ఇష్టమేనా?"

"భయం."

"నళినీ!"

"సరే, ఇష్టం. సాంబారు పోసుకోండి."

"పెద్ద జాతి కుక్కలతో ఎక్స్‌పీరియన్స్?"

ఆ ప్రశ్నకి జవాబు ఆయనే చెప్పుకున్నారు. తాతల నాటినుంచీ వాళ్ళింట్లో మాస్టిఫ్‌లేనట. పొలం కాపలాకట. ఫోన్‌లో ఆవిడకి అప్పుడే చెప్పేశారట కూడా. మొదట ఈ దేశం వచ్చినప్పుడు ఆయన్ని తెచ్చిన కన్సల్టెన్సీవాళ్ళు రెజ్యూమెలో చేయని ప్రాజెక్టులు చేసినట్టు రాశారు. ఆ ధైర్యం ఈయనకి ఇంకా దిగలేదు. మా అత్తగారింట్లో ఉన్న కుక్కని నేనెరుగుదును. అది వాళ్ళది కాదు, వీధిది. బియ్యం కడిగిన నీళ్ళు పారబోసేచోట చల్లగా ఉంటుందని పడుకునేది. అందరూ "ఛీ, పో" అనేవాళ్ళు. అదే తన పేరనుకుని పాపం తోకాడించేది.

"వీసా గురించి అడిగితేనో?" అన్నాను.

"అడగదు. అడిగితే పర్మనెంట్ అని చెప్పు."

"మనం పర్మనెంటా?"

"గ్రీన్‌కార్డు లైన్‌లో ఉన్నాం కదే. లైన్‌లో ఉన్నవాళ్ళు సగం పర్మనెంటే."

వర్ష అన్నం కెలుకుతూ ఆయన్నోసారి, నన్నోసారి చూసింది.

నేను ఇంక వాదించలేదు. వెళ్ళి ఆ ఇంటర్వ్యూ తప్పితే సరి అనుకున్నాను. పరీక్షలు తప్పడంలో నాకు అనుభవం ఉంది. మా ఆయన మాస్టిఫ్‌ల అనుభవం లాంటిది కాదు, నిజమైనది.

ఆదివారం పొద్దున వెళ్ళాం. డోనా మా ఆయనకంటే పొడుగు. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, తెల్లటి జడ, మొహంలో నవ్వు అనేది మచ్చుకైనా లేదు. కూర్చోమనలేదు, మంచినీళ్ళివ్వలేదు, ముందు కంచె తలుపు తీసింది. వచ్చాయి. కుక్కలని ఎవరంటారు వాటిని? గుర్రాన్ని చేద్దామని మొదలుపెట్టి దేవుడు మధ్యలో మనసు మార్చుకున్నట్టు ఉన్నాయి. నేను కారు తలుపు వెనక్కి వెళ్ళాను. తాతల నాటినుంచీ మాస్టిఫ్‌ల మధ్య పెరిగిన మా ఆయన నా వెనక్కి వచ్చారు. ఒకటి వచ్చి ఆయన ఛాతీకి అడ్డం పెట్టుకున్న ఫైలుని నాకింది. మా పెళ్ళి ఫొటో మీదనుంచి జొల్లు తీగలా సాగి బూటు మీద పడింది.

వర్ష మాత్రం వాటి మధ్యలో నిలబడింది. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, కదలకుండా.

లోపల వంటగది బల్ల దగ్గర కూర్చోబెట్టి డోనా మొదలుపెట్టింది. ఆవిడ ఇంగ్లీషు నాకు బాగానే అర్థమైంది. నాకు వినడం వచ్చు, నోరు తెరిస్తేనే తడబాటు.

"మీ మాస్టిఫ్‌లకి ఏం పెట్టేవారు?"

"రైస్" అన్నారు మా ఆయన, కళ్ళలోకి చూసి నవ్వుతూ.

"వాటిల్లో ఎప్పుడైనా కడుపు మెలిపడడం చూశారా?"

"లేదండీ. మా వాటికి జీర్ణశక్తి ఎక్కువ."

డోనా ఆయన్ని కాసేపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఇంటర్‌లో మా లెక్కల మేడమ్ నన్ను అలాగే చూసేది. తర్వాత కుర్చీ నావైపు తిప్పుకుంది. "పగలంతా దాంతో ఉండేది మీరు కదా. మీరు చెప్పండి."

ఇదే నా అదను. "వర్షా, నేను చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పు" అని, కడుపులో ఉన్నవన్నీ బయటపెట్టాను. మంచులో నన్ను లాగితే నా నడుం విరుగుతుంది. దాని తోక తగిలితే దీపం పడి ఇల్లు అంటుకుంటుంది. పొయ్యి మీద పప్పు అది నిలబడే తినేస్తుంది. పిల్లప్పుడు ఎక్కువ పెడితే గబగబా పెరిగి ఎముకలు వంకరపోతాయట, మా ఇళ్ళకి వచ్చేవాళ్ళేమో కొసరి కొసరి పెట్టకుండా ఉండలేరు. తిన్నాక పరిగెడితే కడుపు మెలిపడి గంటల్లో పోతుందట. ముసలిదై కాళ్ళు పడిపోతే ఎవరు మోస్తారు? మా ఆయన పాలడబ్బా మోయడానికే ఆయాసపడతారు.

వర్ష ఒక్కొక్కటీ చెబుతోంది. డోనా ఒక్కొక్కదానికీ తల ఊపుతోంది. "అవును. నిజమే. చాలామంది ఇది అడగరు." ఇదేం ఖర్మ! తప్పుదామని రాసిన జవాబులకి మార్కులు పడుతున్నాయి. మా ఆయన బల్ల కింద నా కాలు తట్టి "సూపర్" అన్నారు.

ఇక లాభం లేదని అసలుది తీశాను. "మేం ఈ దేశంలో ఉంటామో లేదో మాకే తెలీదని చెప్పు."

మా ఆయన మొహంలో నవ్వు చెరగనివ్వకుండానే తెలుగులో అన్నారు, "నళినీ, ఎక్స్‌ట్రా వద్దన్నానా."

వర్ష నాన్నవైపు చూసింది. చెప్పకపోయినా నేనేం చేసేదాన్ని కాదు. కుక్క కావాలంటే చెప్పకూడదని పదేళ్ళ పిల్లకి తెలీకపోదు.

"మాకు గ్రీన్‌కార్డ్స్ లేవు" అని ఇంగ్లీషులో చెప్పింది. "డాడీ జాబ్ పోతే మేం వెళ్ళిపోవాలి." నేను చెప్పని మాట కూడా తనే కలిపింది. "అండ్ దేర్ వర్ నో మాస్టిఫ్స్."

మా ఆయన ఫైలు మూసి ఒళ్ళో పెట్టుకున్నారు.

డోనా కోప్పడలేదు. కార్డు రావడానికి ఎంతకాలం పడుతుందని మాత్రం అడిగింది.

"పదేళ్ళు పట్టొచ్చు. ఎక్కువా పట్టొచ్చు" అన్నారు మా ఆయన, మొదటిసారి నవ్వకుండా.

"నా కుక్కలు బతికేదే ఏడెనిమిదేళ్ళు" అందావిడ. "ఇంత పెద్ద ఒంటిని మోయడానికి ఆ గుండె అంతకంటే సాగదు."

బాగుంది వరస. మా కార్డు వచ్చేలోపు ఈ కుక్క పుట్టి, పెరిగి, ముసలిదై, పోతుంది. మనుషుల ఆయుష్షుతో పోల్చుకుంటాం గానీ, ఇమిగ్రేషన్‌వాళ్ళ లైనుతో పోల్చుకుంటే ఏ ప్రాణి ఆయుష్షైనా చిన్నదే.

"పిల్లని మీకు ఇవ్వను" అంది డోనా. "రెండేళ్ళపాటు ఒకే చోట, ఒకే చేతి కింద పెరగాలి. మీకు ఆ హామీ లేదు." నాకు ఊపిరి వచ్చింది. పర్సు భుజానికి తగిలించుకున్నాను కూడా. "కానీ ఒకటుంది" అని ఆవిడ లేచి పక్కగది తలుపు తీసింది.

బూడిదరంగుది. మూతి చుట్టూ అప్పుడే నెరిసింది. పేరు హేజల్. వయసు ఐదేళ్ళట. పెంచుకున్న ముసలాయన వృద్ధాశ్రమంలో చేరితే వెనక్కి వచ్చిందట.

"సెకండ్ హ్యాండా?" అని మా ఆయన నా చెవిలో గొణిగారు. "శ్యామ్‌కి ఏం చెప్పాలి?"

హేజల్ మెల్లగా నడిచి వచ్చి, బల్లని వాసన చూసి, నా పక్కన నిలబడి, ఒళ్ళంతా నా మీద వాల్చేసింది. నేను కుర్చీ పట్టుకోకపోతే నేల మీద ఉండేదాన్ని.

"ఇదేంటి, నన్ను తోసేస్తోంది!"

"తోయడం కాదు, ఆనుకుంటోంది. దాని అలవాటు" అంది డోనా.

ఆనుకోవడానికి ఆ ఇంట్లో గోడలు లేనట్టు.

"మీరు దేశం వదలాల్సొస్తే ఒక్క ఫోన్ చేయండి. నేనే వచ్చి తీసుకెళతాను. రోడ్డున పడదు, దిక్కులేని కుక్కల షెల్టర్‌కి పోదు. ఆ మాట నాది. కానీ సంతకం మీరు పెట్టాలి, ఆయన కాదు. భయపడేవాళ్ళు గిన్నె దగ్గర కాపలా ఉంటారు, మర్చిపోరు. ఊఁ అంటే ఊఁ, నో అంటే నో."

"నో" అనడానికి నాకు తర్జుమా అక్కర్లేదు. నాలుక మీదే ఉంది. అంతలో వర్ష నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నువ్వు నో చెప్పు, పర్లేదు. ఐయామ్ ఓకే. నేను ముట్టుకోలేదు చూడు."

"ఏంటీ?"

"డాగ్‌ని. ఒక్కదాన్ని కూడా ముట్టుకోలేదు. ముట్టుకోకపోతే ఈజీ." ఇంకా వివరంగా చెబితే నాకు ధైర్యంగా ఉంటుందనుకుందో ఏమో, మళ్ళీ అంది. "ప్లేనోలో కూడా లాస్ట్ మంత్ అంతా నీహారికతో నేను మాట్లాడలేదు. తను డోర్ కొట్టింది, నేను రాలేదు. అప్పుడు వెళ్ళేప్పుడు ఏమీ అవ్వలేదు."

ఎంత మామూలుగా చెప్పిందంటే, హోంవర్కు త్వరగా అయ్యే ఉపాయం చెప్పినట్టు చెప్పింది.

బస్సులు బోల్తాపడతాయనుకున్నాను, సుడిగాలులు వస్తాయనుకున్నాను, ఇళ్ళు అంటుకుంటాయనుకున్నాను. ఈ పిల్ల గుండె రేపెప్పుడో పగులుతుందని భయపడుతున్నాను. అది పగలకుండా పిల్ల అప్పుడే తాళం వేసేసుకుందని ఈ బుర్రకి తట్టలేదు. స్ట్రాంగట, స్ట్రాంగు! నాకు ఒళ్ళు మండిపోయింది. స్ట్రాంగు అన్న మా ఆయన మీదో, ఆయన్ని ఊరూరా తిప్పిన ప్రాజెక్టుల మీదో, ఆ లైను మీదో.

"ముట్టుకో" అన్నాను.

"వాట్?"

"ముట్టుకోమంటున్నానా! ఇంత దూరం వచ్చి, దూడంత కుక్క ఎదురుగా నిలబడితే, జేబుల్లో చేతులు పెట్టుకుని వెళతావా? తియ్యి బయటికి."

వర్ష ఒక చెయ్యి తీసింది. హేజల్ చెవిని వేలితో తాకి వెనక్కి లాక్కుంది, కాలినట్టు. మళ్ళీ తాకింది. తర్వాత రెండో చెయ్యీ వచ్చింది. తర్వాత మొహం దాని మెడలో పెట్టేసింది. నేను అటు చూడలేదు. డోనా వైపు తిరిగి "సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాను. ఇంగ్లీషులోనే. తడబడలేదు.

వెనకసీటు మొత్తం హేజల్‌దే. వర్ష మూలకి నలిగి కూర్చుంది. డీకాల్బ్ దాటాక మా ఆయన నోరు విప్పారు. "ఇంతకీ శ్యామ్‌కి ఏం చెప్పమంటావు? పిల్లని ఇవ్వలేదు, ముసలిది అంటగట్టారనా?"

"మాస్టిఫ్ అని చెప్పండి. మీకు అనుభవం ఉంది కదా."

ఇక పెంపకం సంగతి. వర్ష కోసం తెచ్చిన కుక్కని, మా ఆయన ఇజ్జత్ కోసం తెచ్చిన కుక్కని, పెంచేది ఎవరంటే నేను. ఊరందరికీ కనబడేలా మా ఆయన ఓ వారం శ్యామ్‌సుందర్ గారి వీధిలోంచి తిప్పారు. మొదటి మంచు పడగానే ఆయనకి నడుంనొప్పి వచ్చింది. ఇప్పుడు మంచులో నేనే తిప్పుతున్నాను. నా నడుం ఇంకా విరగలేదు. దాని చలికోటు నా కోటుకంటే పెద్దది. మా అమ్మావాళ్ళు వస్తే వేద్దామని కొన్న పరుపు దానికి పోయింది. కటికనేల మీద పడుకుంటే మోచేతులు పుళ్ళుపడతాయట. రోజుకి రెండుపూటలా కొలిచి పెట్టాలి. తిన్నాక గంటసేపు గెంతకుండా పరీక్షహాల్లో మేడమ్‌లా కాపలా కూర్చోవాలి. తల విదిలిస్తే జొల్లు వెళ్ళి ఫ్రిజ్ మీద పడుతుంది. వంటచేస్తుంటే గట్టు మీద గడ్డం ఆనించి, తాలింపు సరిగా వేస్తున్నానో లేదో చూస్తుంది.

వచ్చినవాళ్ళకి నోరూరుకోదు. "ఏంది చెల్లె, గింత బక్కగున్నది? ఇంత పెరుగన్నం పెట్టరాదు?" అంటారు శ్యామ్‌సుందర్ గారు, చేతిలో గారె పట్టుకుని.

"పక్కటెముకలు చేతికి తగలాలి అన్నయ్యగారూ, అదే ఆరోగ్యం. ఆ గారె మీరే తినండి. మీకు తగిలే భయం లేదు."

వర్ష ఏమైనా మారిందా అంటే, నేను చెప్పలేకపోయేదాన్ని. స్కూలునుంచి రాగానే పుస్తకాలసంచీ విసిరేసి దాని పక్కన పడుకునేది. బాగుంది. కానీ ముట్టుకోవడం ఒకటి, తాళం తియ్యడం ఒకటి. ఈ పిల్ల రెండోది చేసిందా? అడిగితే "ఐయామ్ ఓకే" అంటుంది. ఆ మాట వింటేనే నాకు దడ.

జనవరిలో ఒక పొద్దున హేజల్ గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, ముట్టకుండా వెళ్ళి పడుకుంది. మా ఆయన అప్పటికే రైలెక్కేశారు.

"అమ్మా! షీ ఈజ్ నాట్ ఈటింగ్!" వర్ష ఒక కాలికే బూటు వేసుకుని పరిగెత్తుకొచ్చింది. "కడుపు మెలిపడిందేమో! నువ్వే చెప్పావు కదా, గంటల్లో అని!"

రోజూ కాపలా కాస్తున్నదాన్ని, మోకాళ్ళ మీద కూర్చుని పొట్ట నొక్కి చూశాను. మెత్తగా ఉంది, ఉబ్బలేదు. వాంతికి రావడం లేదు. పైగా ఆవులించింది. ఆవులింతలో ఇడ్లీ వాసన.

మా ఆయనకి ఫోన్ చేశాను. 

"కొంచెమే పెట్టాను నళినీ. అలా చూస్తుంటే ఎలా తినమంటావు?" అన్నారు.

"ఎన్ని?"

"...చట్నీ వెయ్యలేదు."

ఏ ప్రశ్నకి ఏం జవాబో చూడండి. ఇడ్లీపాత్ర మూత తీస్తే ఒక రేకు మొత్తం ఖాళీ. ఫోన్‌లో చెప్పాల్సింది చెప్పి పెట్టేసి, "మీ నాన్న ఇడ్లీలు మేపారు, కడుపు నిండింది, అంతే. బస్సు వస్తోంది, నడు" అన్నాను.

వర్ష కదల్లేదు. నేల మీద కూర్చుని దాని పొట్ట మీద చెయ్యి వేసి ఉంది. "డాడీ అబద్ధం చెప్తే?"

"పాత్ర చూశాను కదే."

"ఇడ్లీ లోపల స్టక్ అయితే? నేను స్కూల్లో ఉన్నప్పుడు అయితే? నువ్వు కార్‌లోకి ఎత్తలేవు. డోనాకి ఫోన్ చేస్తే తనకి రావడానికి వన్ అవర్. అప్పుడు మంచు పడితే? రోడ్ క్లోజ్ అయితే?" ఒకదాని మీద ఒకటి, ఊపిరి తిప్పుకోకుండా. ఆ వరస నాకు బాగా తెలిసిన వరస. నేను వేసే వరసే.

బస్సు వచ్చి, హారన్ కొట్టి, వెళ్ళిపోయింది.

అప్పుడు ఏడ్చింది. ముక్కు కారుతూ, వెక్కిళ్ళు పెడుతూ, ఇల్లెగిరిపోయేలా. పిస్కాటవే దాటినప్పుడు కారు సీటు పట్టుకుని ఏడ్చినదాని తర్వాత మళ్ళీ అలాంటి ఏడుపు నేను వినలేదు. హేజల్ ఒక కన్ను తెరిచి, ఇదెక్కడి గోలరా అన్నట్టు చూసి, మూసుకుంది. నేను ఏడవకు అనలేదు. ఏమీ కాదు అని కూడా అనలేదు. ఏమవుతుందో నాకేం తెలుసు? హేజల్‌కి ఒకటి మాత్రం అవుతుంది, ఆ కార్డు లైను కంటే ముందే అవుతుంది. అయినప్పుడు ఈ పిల్ల ఇలాగే ఏడవాలి. 

స్కూలుకి ఫోన్ చేశాను. పిల్ల ఎందుకు రావడం లేదని అడిగారు. జ్వరం అనొచ్చు, కడుపునొప్పి అనొచ్చు. మా ఆయనైతే డాక్టరు చీటీ కూడా ఫైల్లో పెట్టేవారు.

"భయపడింది. ఇవాళ ఇంట్లోనే ఉంటుంది" అన్నాను.